గ్రాసియాస్

సాల్తోలో నారింజలు ఎడమ నుంచి వస్తాయి.
ముప్పై ఒక్క ఏళ్ళుగా అంతే.
బెల్టు మీద దొర్లుకుంటూ వచ్చి
నా కన్ను పడితే ఆగుతాయి, పడకపోతే సముద్రం దాటేస్తాయి.
మచ్చది రసానికి, మెత్తబడ్డది పశువులకి,
మిగిలింది ఓడకి.

మే నెలలో ఒక పెట్టె వెనక్కొచ్చింది.
బూజు.
మేస్త్రీ ఏమీ అనలేదు.
నా ఎడమ పక్కన నిలబడే నీబియా కూడా.
తర్వాత ఏ పెట్టే వెనక్కి రాలేదు.
నా చూపు బాగుపడిందనుకున్నాను.

నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారలేదు.
దొంగ కన్నం వేస్తే ఇటుక పొడైనా రాలుతుంది.
ఇది అదీ రాల్చలేదు.

డాక్టర్ ఎచెవెర్రీ నా గడ్డాన్ని చట్రానికి ఆనించి
నీలం వెలుగు కంటిదాకా తెచ్చి
"ఇరవై ఎనిమిది" అంది.
"కంట్లో నీరు ఎంత ఊరితే అంత పోవాలి.
మీ కాలువ పూడింది."
తోటల్లో పూడిక తీసి పెరిగినవాణ్ణి,
ఆ ఒక్క మాటే అర్థమైంది.

తర్వాత అడిగింది:
"రోజుకి మాతే ఎంత తాగుతారు?"

అమ్మా, ఉరుగ్వే మనిషిని అడిగే ప్రశ్నేనా అది?
చంకలో ఫ్లాస్కు లేకపోతే
చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు మాకు.
"రెండు ఫ్లాస్కులు" అన్నాను.
మూడోది నాలుక కింద దాచాను.

తిట్టలేదావిడ. అదే భయమేసింది.
అసలు పని చుక్కలమందుదే అంది, రాత్రికొక్క చుక్క,
ఇల్లు కూలుతున్నా మానొద్దంది.
తిండీ పానీయం దానికి సాయం పట్టే కూలీలే.
కానీ కూలీని చులకన చెయ్యకు:
లీటరు నీళ్ళు ఒక్క ఊపులో దించుకోవద్దు,
రోజంతా కాసిన్ని కాసిన్ని.
కాఫీలోని చురుకే మాతేలోనూ ఉంది,
మీలాంటి కంట్లో ఒత్తిడిని కాసేపు ఎగదోస్తుంది.
ఆకుకూర తినండి.

మా బావ వాల్దెమార్‌ది ఇంకో వైద్యం:
"గ్రాప్పా కొట్టు, ఒత్తిడి దిగుతుంది."
అదీ అడిగాను.
"దిగుతుంది, గంటో రెండో.
తర్వాత కన్ను మామూలే, కాలేయమే మామూలు కాదు."
బావకి మొత్తం చెప్పాను. మొదటి సగం విన్నాడు.

ఇంట్లో ఇర్మా అసెల్గా ఆకు తరిగి, గుడ్లు కొట్టి
పిండి పొరల మధ్య దాచి కాల్చింది.
సోమవారం. బుధవారం. మళ్ళీ శుక్రవారం.
చుక్కలు వేసుకోగా వేసుకోగా
నా రెప్పల వెంట్రుకలు పొడుగయ్యాయి.
"ఈ వయసులో ఎవరికోసం?" అంది.

ఇక విరామం సంగతి.
ఖాళీ పెట్టెల మీద అయిదుగురం.
సొరబుర్ర ఒకటే, పీల్చే గొట్టం ఒకటే, పోసే చెయ్యి నీబియాది.
తాగి, మాట్లాడకుండా తిరిగివ్వాలి.
గ్రాసియాస్ అన్నామా, నాకిక చాలని అర్థం.
ధన్యవాదం చెప్తే వరస తెగిపోయే ఊరు మాది.

ఆ రోజు నేను నదిని చూస్తున్నాను.
పడవ కనిపిస్తోంది, అవతల అర్జెంటీనా కనిపిస్తోంది.
నా ఎడమ పక్కన చాచిన చెయ్యి లేదు.
దాని చోట నలుపైనా లేదు.
గాలి ఉంది, అంతే.

ఎవరో దగ్గారు.
తల తిప్పితే అప్పుడు పుట్టింది బుర్ర,
ఆవిరి తగ్గిపోయి,
పట్టుకున్న వేళ్ళ మీద బూజు పట్టిన తొక్క వాసన.
అది ఆమె నారింజలది కాదు.
నావి.

చిన్న గుక్కల్లో తాగాను,
గొట్టం గురకపెట్టేదాకా.
తిరిగిచ్చి, "గ్రాసియాస్" అన్నాను.

ఒక్క బుర్రకేనా, అని నవ్వారు ముగ్గురు.
నీబియా నవ్వలేదు.
ఏ అర్థం తీసుకుందో అడగలేదు నేను.
బుర్ర మళ్ళీ నింపి పక్కవాడికిచ్చింది.

మేస్త్రీకి చెప్పి బెల్టు అవతలికి మారాను.
సాల్తోలో నారింజలు ఇప్పుడు కుడి నుంచి వస్తున్నాయి.
మొదటి గంట కళ్ళు తిరిగాయి.
ఎదురుగా నీబియా,
రెండు చేతులూ కనిపిస్తున్నాయి.